కాలనీ సంఘం వెనుక కథ: కార్పొరేటర్ లేని ఏళ్ల నుంచి వార్డు కమిటీ దాకా

మా కాలనీ సంక్షేమ సంఘం బీరువాలో ఒక పాత మినిట్స్ బుక్ ఉంది. అట్ట ఊడిపోతే ఎవరో తెల్లదారంతో కుట్టారు. మొదటి పేజీ మీద 1983 అని ఉంటుంది, కింద పంతొమ్మిది సంతకాలు. మొదటి తీర్మానం ఒక్క వాక్యం: వీధి దీపాలు ఏడు కావాలని అర్జీ పెట్టాలి. రెండో తీర్మానం, ఆ అర్జీ పట్టుకుని తిరిగే మనిషికి సంఘం డబ్బుల్లోంచి బస్సు చార్జీలు ఇవ్వాలి. ఆ చార్జీల లెక్క వెనక పేజీల్లో పైసలతో సహా రాసి ఉంది.

ఏడు దీపాల కోసం ఇంతమంది కూర్చుని సంతకాలు ఎందుకు పెట్టారు, కార్పొరేటర్‌కి చెబితే సరిపోయేది కదా అని ఈ తరం పిల్లలు అడుగుతారు. అప్పట్లో హైదరాబాద్‌లో కార్పొరేటరే లేడు. 1970లో పాలకవర్గం పోయాక మళ్లీ ఎన్నికలు జరిగింది 1986లో. మధ్యలో పదహారేళ్లు ప్రత్యేకాధికారి పాలన. ఆ 1986 పాలకవర్గం గడువు 1991లో ముగిస్తే తర్వాతి ఎన్నికలు 2002 జనవరిలో. మళ్లీ 2007 నుంచి 2009 నవంబర్ దాకా ఖాళీ. అంటే 1970 నుంచి 2009 వరకు నలభై ఏళ్లలో ఈ మహానగరానికి ఎన్నికైన పాలకవర్గం ఉన్నది సుమారు పదేళ్లు. మన దగ్గర కాలనీ సంఘాలు ఇంత బలంగా పాతుకుపోవడానికి ఇదొక పెద్ద కారణమని నా నమ్మకం. అడగడానికి మనిషి లేనప్పుడు అడిగే పనిని వీధివాళ్లే తలా కాస్త పంచుకున్నారు.

ఇంకో కారణం లేఅవుట్లు. ఉద్యోగుల గృహనిర్మాణ సహకార సంఘాలు నగరం చుట్టూ భూములు కొని ప్లాట్లు వేసుకున్నాయి. జూబ్లీహిల్స్ సొసైటీ 1962లో రిజిస్టర్ అయింది. ఆ తర్వాత పొలాలు ప్లాట్లయ్యే వేగం పెరిగింది. ఎల్బీ నగర్, ఉప్పల్, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి లాంటి చోట్ల ఎన్నో కాలనీలు గ్రామ పంచాయతీ అనుమతితోనే లేచాయి. ప్లాటు అమ్మినవాడు రాళ్లు పాతి వెళ్లిపోయేవాడు. రోడ్డు, నల్లా, డ్రైనేజీ, కరెంటు స్తంభం అన్నీ ఇళ్లు కట్టుకున్న తర్వాత ఒక్కొక్కటిగా సాధించుకోవాల్సినవే. మంజీరా నీళ్లు 1965 నుంచే నగరానికి వస్తున్నా, అవి శివారు వీధి దాకా చేరడానికి దశాబ్దాలు పట్టింది. నగరానికి నీళ్లు, డ్రైనేజీ చూసే జలమండలి 1989లో ఏర్పడింది. కృష్ణా నీళ్లు 2004లో వచ్చాయి. పైపు వేసే ప్రతి దశలోనూ "మా వీధి కూడా" అంటూ వెళ్లింది కాలనీ అధ్యక్ష కార్యదర్శులే. జీతం లేదు, భత్యం లేదు. ఉద్యోగానికి సెలవు పెట్టి తిరిగినవాళ్లు, పెన్షన్ వచ్చాక పూర్తిగా ఇదే పని పెట్టుకున్నవాళ్లు.

పాత సంఘాల రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లు చూస్తే ముచ్చటేస్తుంది. వాటి మీద 1350 ఫస్లీ చట్టం అని ఉంటుంది. ఫస్లీ అంటే నిజాం కాలంలో వాడిన సంవత్సరాల లెక్క. 2001లో కొత్త సొసైటీల చట్టం వచ్చింది. ఏడుగురు కలిసి నియమావళి రాసుకుంటే సంఘం పెట్టుకోవచ్చు. కానీ ఆ చట్టం ఇచ్చేది ఒక పేరు, ఒక బ్యాంకు ఖాతా, కోర్టుకు వెళ్లే హక్కు. కార్పొరేషన్ బడ్జెట్ గురించి మాట్లాడే హక్కు అందులో లేదు.

ఈ కథ చెప్పేటప్పుడు బస్తీలను వదిలేస్తే అన్యాయం అవుతుంది. చాలా కాలనీ సంఘాల కంటే ముందే అక్కడ గట్టి పునాది పడింది. 1967లో హైదరాబాద్ కార్పొరేషన్‌లో అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ విభాగం మొదలైంది. సామాజిక కార్యకర్తలు బస్తీలోకి వెళ్లి, మీకు ముందు ఏం కావాలో మీరే చెప్పండి అని అడిగేవాళ్లు. బస్తీ సంక్షేమ కమిటీలు, మహిళా మండళ్లు ఏర్పడ్డాయి. బాల్వాడీలు, కుట్టు కేంద్రాలు వచ్చాయి. కొన్ని చోట్ల సొంత శ్రమ, బ్యాంకు అప్పు కలిపి ఇళ్లు కూడా కట్టుకున్నారు. తర్వాత యూనిసెఫ్, బ్రిటన్ ప్రభుత్వం కూడా ఈ పనికి చేయూతనిచ్చాయి. నగర పాలనలో ప్రజల భాగస్వామ్యం గురించి మాట్లాడేటప్పుడు ఈ అధ్యాయాన్ని మనం దాదాపు మరిచిపోయాం.

ఢిల్లీలో చట్టం మారింది 1992లో. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 243ఎస్ అధికరణ ప్రకారం 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండి తీరాలి. అయితే కమిటీ ఎలా ఉండాలి, సభ్యులు ఎవరు అన్నది రాష్ట్రాలకు వదిలేశారు. అనేక వార్డులను కలిపి ఒకే కమిటీ వేసుకునే వీలు కూడా ఉంది. పల్లెలో గ్రామసభకు దక్కిన గుర్తింపుతో సమానమైనది పట్నం వీధికి దక్కలేదు.

ఆ లోటు పూడ్చడానికే నగర రాజ్ నమూనా చట్టం తయారైంది. 2005 డిసెంబర్‌లో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం, ప్రజా భాగస్వామ్య చట్టం చేస్తేనే నిధులు అన్నట్టుగా రాష్ట్రాలకు షరతు పెట్టింది. ఈ చట్టంలోని ఆలోచన చాలా బాగుంటుంది. ఒకటో రెండో పోలింగ్ కేంద్రాల పరిధిలోని ఓటర్లందరూ కలిస్తే ఒక ఏరియా సభ. సభల ప్రతినిధులు వార్డు కమిటీలో కూర్చుంటారు. వీధిలో ఏ పని ముందు జరగాలో సభ చెబుతుంది, కమిటీ దాన్ని కార్పొరేషన్‌కి చేరుస్తుంది. 2007 ఏప్రిల్ 16న పాత హైదరాబాద్ కార్పొరేషన్‌తో పన్నెండు మున్సిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) ఏర్పడింది. మరుసటి ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టంలో ఏరియా సభలు, వార్డు కమిటీలు చేరాయి.

చేరినప్పుడే ప్రాణం సగం పోయింది. సభ్యులను ఓటర్లు ఎన్నుకోరు, నామినేట్ చేస్తారు. అధ్యక్షత కార్పొరేటర్‌ది. ఎవరి పేరు జాబితాలో ఉండాలో పార్టీల దగ్గర తేలిపోతే, వీధిలో ఇరవై ఏళ్లుగా తిరుగుతున్న మనిషికి చోటు దొరకదు. తెలంగాణ మున్సిపల్ చట్టం 2019లో వచ్చింది. ప్రతి వార్డుకు యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు, ఒక్కో దాంట్లో పదిహేను మంది. 2020 సవరణతో జీహెచ్ఎంసీకీ అలాంటివే వచ్చాయి, ఒక్కో కమిటీలో ఇరవై అయిదు మంది. సంఖ్య పెరిగింది. కానీ కమిటీ చేతిలో వార్డు పనుల జాబితా, ఖర్చు లెక్క ఉంటేనే ఆ కుర్చీకి విలువ. మొక్కలు నాటడానికి, చెత్త వేరు చేయమని చెప్పడానికి మాత్రమే పిలిస్తే జనం రెండోసారి రారు.

చట్టం నత్తనడక నడుస్తుంటే సంఘాలు తమ పని తాము చేసుకుంటూ పోయాయి. లేఅవుట్‌లో పార్కుకు వదిలిన జాగా కబ్జా కాకుండా ప్రహరీ కట్టించడం వాటి పనుల్లో నాకు అన్నిటికంటే పెద్దదిగా కనిపిస్తుంది. పాత లేఅవుట్ కాపీని ప్లాస్టిక్ కవర్లో దాచి, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి పార్కును కాపాడుకున్న కాలనీలు ఈ నగరంలో చాలా ఉన్నాయి. 2024 జూలైలో చెరువులు, పార్కులు, ప్రభుత్వ స్థలాల కబ్జాలను అడ్డుకునే హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడ్డాక, ఫిర్యాదులు తీసుకునే అక్కడి ప్రజావాణికి ఆ కాగితాలు పట్టుకుని వెళ్లినవాళ్లలోనూ కాలనీ పెద్దలే ఎక్కువగా కనిపిస్తారు.

సంఘాన్ని ఇంత ప్రేమగా చెబుతున్నా ఒక మాట దాచలేను. చాలా కాలనీ సంఘాల్లో సభ్యత్వం సొంత ఇంటివాళ్లకే. అద్దెకు ఉండేవాళ్లు చెత్త బండికి డబ్బులిస్తారు, వినాయక చవితికి చందా ఇస్తారు, సమావేశానికి మాత్రం పిలుపు ఉండదు. పక్కనే ఉన్న బస్తీ అయితే చాలాసార్లు ఫిర్యాదులోనే కనిపిస్తుంది. ఏరియా సభ అనే ఆలోచన నాకు విలువైనదిగా తోచేది ఇక్కడే. ఓటరు జాబితాలో పేరుంటే చాలు, ఇంటి పత్రం అక్కర్లేదు.

మా కాలనీలో అద్దెవాళ్ల సభ్యత్వం మీద రెండు ఆదివారాలు గట్టిగానే వాదన జరిగింది. అద్దెవాళ్లు ఏడాదికో ఇల్లు మారతారు, బాధ్యత ఏముంటుంది అన్నారు కొందరు. మూడో ఆదివారం నియమావళి మార్చారు. కొత్త మినిట్స్ బుక్‌లో ఆ తీర్మానం కింద అద్దెకుండే ఒకావిడ మొదటి సంతకం పెట్టారు. ఆమె తెచ్చిన అంశం కూడా ఆ పేజీలోనే ఉంది. నీళ్లు తెల్లవారుజామున నాలుగింటికి వదులుతున్నారు, రాత్రి డ్యూటీ నుంచి వచ్చేవాళ్లు పట్టుకోలేకపోతున్నారు, వేళ మార్చమని అర్జీ పెట్టాలి. పదకొండు మంది ఒప్పుకున్నారు. అర్జీ ఆమే రాసుకొచ్చారు.