చదరంగం బల్ల మీద గోదావరి వడ్లు

చదరంగం గడుల్లో ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ గింజలు రెట్టింపు చేసుకుంటూ పోయే కథ అందరికీ తెలిసిందే. చివరికి వచ్చే మొత్తం చూసి అబ్బురపడి అక్కడితో ఆగిపోతాం. ఆ సంఖ్యను కారణాంకాలుగా విడదీసి చూసినవారు తక్కువ. నా దృష్టిలో సొగసంతా అక్కడే ఉంది.

ముందు కొలత చూద్దాం. గోదావరి డెల్టాలో చెప్పుకునే కథ కాబట్టి వడ్లే పోద్దాం. వెయ్యి గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే 75 కిలోల బస్తాకు ముప్పై ఏడున్నర లక్షల గింజలు. సగం బల్ల, అంటే 32 గడులు నిండేసరికి 4,29,49,67,295 గింజలవుతాయి. ఇవి 1,145 బస్తాలు. ఎకరానికి నలభై బస్తాలు పండే దాళ్వాలో, అంటే రబీ వరిలో, 29 ఎకరాల పంట. మండపేట వైపు పెద్ద రైతు కళ్లంలో కనబడేంత రాశి. 64 గడులూ నిండాలంటే 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు కావాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి డెల్టా పండించిన ధాన్యమంతా పోసినా ఇందులో ఒక మూలకు రాదు. ప్రపంచమంతటి వరి పంటనూ ఇప్పటి లెక్కన నాలుగు వందల ఏళ్లకు పైగా పోగుచేయాలి.

ఇక విడదీద్దాం. రెండు గడుల మొత్తం 3. నాలుగు గడులది 15, అంటే 3×5. మొదటి వరుస నిండితే 255, అంటే 3×5×17. గడుల లెక్క రెట్టింపయిన ప్రతిసారీ పాత మొత్తానికి 2 కలిపిన సంఖ్య కొత్త గుణకంగా వచ్చి చేరుతుంది. అలా 16 గడులకు 257, 32 గడులకు 65537 చేరతాయి. 3, 5, 17, 257, 65537 అనే ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే. వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు.

బల్ల రెండో సగం తెచ్చే గుణకం 2³²+1, అంటే 4,29,49,67,297. 1732లో గణితవేత్త ఆయిలర్ దీన్ని 641 నిశ్శేషంగా భాగిస్తుందని చూపించాడు: 641×67,00,417. భాగహారం చేయకుండానే దీన్ని రుజువు చేయవచ్చు. 641 అంటే 5×2⁷+1. అదే 5⁴+2⁴ కూడా. మొదటి రూపం ప్రకారం 5×2⁷ను 641తో భాగిస్తే శేషం −1 (అంటే 1 కలిపితే నిశ్శేషంగా భాగమవుతుంది), కాబట్టి దాని నాలుగో ఘాతమైన 5⁴×2²⁸ శేషం 1. రెండో రూపం ప్రకారం 5⁴ స్థానంలో −2⁴ పెట్టవచ్చు. అప్పుడు −2³² శేషం 1 అవుతుంది, అంటే 2³²+1కి శేషం సున్నా. ఇంత పొందికైన రుజువులు గణితంలో అరుదు.

సగం బల్ల మొత్తానికి మరో విశేషం ఉంది. జర్మన్ గణితవేత్త గాస్ 1796లో 17 భుజాల క్రమ బహుభుజిని (భుజాలూ కోణాలూ సమానంగా ఉన్న ఆకారాన్ని) స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని కనుగొన్నాడు. బేసి భుజాలున్న క్రమ బహుభుజిని అలా గీయాలంటే భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధం కావాలి. తెలిసిన అయిదింటినీ గుణిస్తే వచ్చేది 4,29,49,67,295. ఇంతకంటే ఎక్కువ బేసి భుజాలతో అలా గీయదగిన క్రమ బహుభుజి ఇప్పటికి మనకు తెలియదు. మన 1,145 బస్తాల్లో ఎన్ని గింజలో, దానికి అన్ని భుజాలు!

మరొక ఫెర్మా ప్రధాన సంఖ్య దొరికితే ఈ హద్దు చెరిగిపోతుంది. ఫెర్మా సంఖ్యల వరుసలో 3ను సున్నావ సంఖ్యగా లెక్కపెడితే అయిదోదాని నుంచి 32వ దాని వరకు అన్నీ సంయుక్త సంఖ్యలేనని తేలింది. వాటిలో 20వ, 24వ సంఖ్యలకు మాత్రం ఇంతవరకూ ఒక్క కారణాంకమూ చిక్కలేదు. సుమారు 258 కోట్ల అంకెలున్న 33వ సంఖ్య ప్రధానమో కాదో ఇంకా తేలలేదు.