రీలుకెక్కిన గొంతు ఎవరిది?

అన్న మాటే అంటూ ఉంటే 'అరిగిపోయిన రికార్డులా ఏంటిది' అని విసుక్కుంటాం. 1966లో స్టీవ్ రైష్ అనే అమెరికన్ స్వరకర్త కావాలనే ఆ పని చేశాడు. 'కమ్ అవుట్' పేరుతో వచ్చిన ఆ రచన నిడివి దాదాపు 13 నిమిషాలు. అందులో రాగం లేదు, వాయిద్యం లేదు. ఉన్నదల్లా ఒక కుర్రాడి గొంతు, అతని నోటి నుంచి కత్తిరించిన ఐదు ఇంగ్లిష్ మాటలు: కమ్ అవుట్ టు షో దెమ్. మామూలు మనిషి మామూలు మాటను తీసుకుని చేసే సౌండ్ ఆర్ట్ (శబ్దమే ముడిసరుకైన కళ) గురించి ఎక్కడ చర్చ జరిగినా దీని ప్రస్తావన వస్తుంది. గొంతు ఒకరిది, పేరు ఇంకొకరిది అన్న తగువు కూడా వెంటే వస్తుంది.

ఆ కుర్రాడి పేరు డేనియల్ హామ్. న్యూయార్క్‌లో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెమ్ అతనిది. 1964 ఏప్రిల్‌లో అక్కడ ఒక పళ్ల బండి దగ్గర గొడవైంది. పిల్లల మీద చేయి చేసుకుంటున్న పోలీసులకు అడ్డం పోయినవాళ్లలో హామ్ ఒకడు. స్టేషన్‌కి తీసుకెళ్లి చితకబాదారు. రక్తం కారుతున్నవాళ్లనే ఆసుపత్రికి పంపుతామన్నారు. హామ్‌కి దెబ్బలన్నీ లోపలే కమిలాయి. దాంతో ఆ కమిలిన చోటే చిదిమి, కాస్త రక్తం బయటికి తెప్పించి వాళ్లకు చూపించాల్సి వచ్చిందని అతను టేపులో చెప్పాడు. 'కమ్ అవుట్' అంటే ఆ రక్తమే.

ఆ నెలాఖర్లోనే హార్లెమ్‌లో బట్టల దుకాణం నడిపే ఒకావిడ హత్యకు గురైంది. ఆ కేసులో హామ్‌తో సహా ఆరుగురు కుర్రాళ్లను పట్టుకున్నారు. 'హార్లెమ్ సిక్స్' అంటే వీళ్లే. 1965లో యావజ్జీవం పడింది. విచారణ మళ్లీ జరగాలని పోరాడుతున్న రచయిత ట్రూమన్ నెల్సన్ దగ్గర గంటల కొద్దీ టేపులున్నాయి. కుర్రాళ్ల గొంతులు, వాళ్ల తల్లుల గొంతులు, అన్నీ. వాటిని కుదించి ఒక శ్రవ్య కథనంగా చేసిపెట్టమని రైష్‌ని అడిగాడు. సరే, కానీ అందులో ఒక ముక్క తీసుకుని నా సొంత రచన చేసుకోనివ్వాలి అన్నాడు రైష్. 1966 ఏప్రిల్‌లో న్యూయార్క్ టౌన్ హాల్‌లో జరిగిన సహాయ సభలో, చందాలు పోగుచేస్తున్నప్పుడు అలా పుట్టిన 'కమ్ అవుట్'ని వినిపించారు. 1968లో పై కోర్టు ఆ శిక్షలను కొట్టేసింది.

ఇంతకీ రైష్ చేసిందేమిటి? మొదట పూర్తి వాక్యం మూడుసార్లు స్పష్టంగా వినిపిస్తుంది. తర్వాత ఆ ఐదు మాటల టేపు ముక్క గుండ్రంగా తిరగడం మొదలవుతుంది. రెండు చానళ్లలో అదే ముక్క, కానీ ఒకటి వెంట్రుకవాసి వెనకబడుతూ ఉంటుంది. ముందు గది గోడ నుంచి వచ్చే ప్రతిధ్వనిలా ఉంటుంది. కాసేపటికి ఇద్దరు మాట్లాడినట్టు. తర్వాత రెండు నాలుగవుతాయి, నాలుగు ఎనిమిదవుతాయి. చివరికి మాట కరిగిపోయి 'ష్... మ్...' అనే రొద మిగులుతుంది. 'మరా మరా' అంటూ పోతే 'రామ రామ' అయిన బోయవాడి కథ మనకు తెలుసు. అక్కడ తిరగేసిన మాటలోంచి అర్థం పుట్టింది. ఇక్కడ ఉన్న అర్థం ఆవిరైపోయింది. నాకు మొదటిసారి విన్నప్పుడు ఆ రొద అద్భుతంగా అనిపించింది. హామ్ కథ తెలిశాక మాత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చివరిదాకా వినలేకపోయాను.

ఈ కిటుకు రైష్‌కి అనుకోకుండా దొరికింది. 1965లో, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక కూడలిలో వాన ప్రళయం గురించి బోధిస్తున్న వీధి ప్రచారకుడి టేపుతో కుస్తీ పడుతుండగా రెండు యంత్రాల వేగం కలవలేదు. ఆ తేడాయే పద్ధతి అయింది.

సొంత గొంతుతో ప్రయోగం చేస్తే గొంతు ఎవరిదన్న తగువు ఉండదు. 1969లో ఆల్విన్ లూసియే అనే అమెరికన్ స్వరకర్త అదే చేశాడు. తానొక గదిలో కూర్చున్నానని నాలుగు మాటలు చెప్పి రికార్డు చేసుకున్నాడు. దాన్ని అదే గదిలో వినిపిస్తూ మళ్లీ రికార్డు చేశాడు, మళ్లీ, మళ్లీ. గది మోత పెరుగుతూ మాటను మింగేసింది. లూసియేకి నత్తి ఉంది. దాన్ని నున్నగా చేసుకోవడానికి కూడా ఇదొక దారి అని ఆ రికార్డులోనే చెప్పుకున్నాడు.

యాసను బట్టి ఊరు చెప్పేయడం మనకొక సరదా. బ్రిటన్‌లో మాత్రం ఆశ్రయం కోరి వచ్చిన కొందరి యాసను పరీక్షించి, వాళ్లు నిజంగా ఫలానా దేశంవాళ్లేనా అని తేలుస్తారు. లారెన్స్ అబు హమ్దాన్ అనే కళాకారుడు 2012లో దీని మీదే ఒక శ్రవ్య రచన చేశాడు.

గొంతును మనిషి నుంచి విడదీసి దాచుకోవడం ఇంకా పాత పని. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 నుంచి 1918 దాకా, విల్‌హెల్మ్ డోగెన్ అనే జర్మన్ భాషావేత్త బృందం జర్మన్ శిబిరాల్లోని యుద్ధ ఖైదీల చేత వాళ్ల వాళ్ల భాషల్లో మాట్లాడించి రికార్డులు చేసింది. ఆ బృందానికి కావలసింది ఉచ్చారణ. 1916 డిసెంబర్ 11న బెర్లిన్ దగ్గరి వ్యూన్స్‌డోర్ఫ్ శిబిరంలో మల్ సింగ్ అనే పంజాబీ సిపాయి రికార్డింగ్ యంత్రం గరాటు ముందు నిలబడ్డాడు. తన గురించే చెప్పాడు, కానీ 'నేను' అనలేదు. ఒక మనిషి ఉండేవాడు, హిందుస్థాన్‌లో వెన్న తినేవాడు, రెండు శేర్ల పాలు తాగేవాడు అంటూ మొదలుపెట్టాడు. ఆ మనిషి యుద్ధానికి వచ్చి పట్టుబడ్డాడట. ఇంకో రెండేళ్లు ఇక్కడే ఉంటే చచ్చిపోతాడట, సంధి కుదిరితే ఇంటికెళ్తాడట. అంతా కలిపి నిమిషంన్నర కూడా లేదు. ఆ రికార్డు ఇప్పటికీ బెర్లిన్‌లోనే, హుంబోల్ట్ విశ్వవిద్యాలయం భద్రపరిచిన సేకరణలో ఉంది.