ఫోకస్ ఎటువైపు తప్పుతోంది?

తలంబ్రాల ఫొటోలో పెళ్లికూతురి జుంకా ముత్యాలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉంటాయి. కళ్లు మాత్రం మసక. తిరుపతి కల్యాణ మండపాల్లో పెళ్లిళ్లు తీసే కుర్రాళ్లు ఇలాంటి ఫొటో చూడగానే "లెన్స్ పోయింది" అనేస్తారు. చాలాసార్లు లెన్స్ తప్పేమీ ఉండదు. ముందు చూసుకోవాల్సింది ఒకటే: ఫోకస్ ప్రతిసారీ ఒకే వైపు తప్పుతోందా, లేక ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ పోతోందా?

ఎంత చిన్న తేడా గురించి మాట్లాడుతున్నామో కొలతల్లో చూద్దాం. ఫుల్ ఫ్రేమ్ (పాత 35 మి.మీ. ఫిల్ము సైజు సెన్సర్ ఉన్న) కెమెరాకి 85 మి.మీ. లెన్స్ పెట్టి, ఎఫ్/1.8 దగ్గర, అంటే లెన్స్ రంధ్రాన్ని బాగా తెరిచి, రెండు మీటర్ల దూరంలోని మనిషిని తీస్తే స్పష్టంగా కనిపించే లోతు మొత్తం సుమారు 6 సెంటీమీటర్లే. సెన్సర్ దగ్గర 0.05 మిల్లీమీటర్ తేడా, అంటే సన్నటి వెంట్రుక మందం, వచ్చిందంటే చాలు, బయట మనిషి దగ్గర అది రెండున్నర సెంటీమీటర్లు అవుతుంది.

డీఎస్ఎల్ఆర్‌లో (లోపల అద్దం ఉండే కెమెరాలో) వ్యూఫైండర్‌లోంచి, అంటే కన్ను ఆనించే కిటికీలోంచి, చూసి తీసేటప్పుడు ఫోకస్ కొలిచేది, ఫొటో తీసేది వేరువేరు సెన్సర్లు. లెన్స్‌లోంచి వచ్చిన వెలుగులో కొంత పెద్ద అద్దాన్ని దాటి, దాని వెనకున్న చిన్న అద్దం మీద పడి, కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కి చేరుతుంది. లెన్స్ రెండు పక్కల నుంచి వచ్చిన వెలుగుతో అక్కడ రెండు బొమ్మలు పడతాయి. వాటి మధ్య ఎడాన్ని బట్టి లెన్స్‌ని ఎటు, ఎంత జరపాలో వెంటనే తెలిసిపోతుంది. 1985లో వచ్చిన మినోల్టా 7000 కెమెరా వాడింది ఈ పద్ధతినే. అయితే లెన్స్ నుంచి ఆ ఫోకస్ సెన్సర్‌కి, అసలు సెన్సర్‌కి ఉన్న దారులు రెండూ సరిగ్గా ఒకే పొడవు ఉండాలి. చిన్న అద్దం రవ్వంత పక్కకి జరిగినా ప్రతి ఫొటోలోనూ ఫోకస్ ఒకే వైపు తప్పుతుంది. ముందుకి పడితే ఫ్రంట్ ఫోకస్, వెనక్కి పడితే బ్యాక్ ఫోకస్ అంటారు.

ఒకే వైపు తప్పినంత మాత్రాన పరికరానిదే లోపం అని కూడా తేల్చేయకండి. జుంకా సంగతే చూడండి. మధ్య పాయింటుతో కళ్ల మీద ఫోకస్ లాక్ చేసి, ఫ్రేము కోసం కెమెరాని 15 డిగ్రీలు తిప్పి నొక్కారనుకుందాం. రెండు మీటర్ల దూరంలో ఆ తిప్పడం వల్లనే ఫోకస్ తలం దాదాపు 7 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది. కంటి నుంచి చెవికి ఉన్న దూరం ఇంచుమించు అంతే! లెన్స్‌ని రిపేరుకి ఇచ్చే ముందు, కంటి మీదకే ఫోకస్ పాయింటు జరిపి తీసి చూడడం న్యాయం. మండపంలోని పసుపు బల్బుల వెలుగు కూడా తేడా తెస్తుంది, ఎందుకంటే లెన్స్ అన్ని రంగుల్నీ సరిగ్గా ఒకే చోట కలపలేదు.

అటూ ఇటూ తప్పుతుంటే కారణాలు వేరు: మనిషి కదలడం, వెలుతురు చాలకపోవడం, ఫోకస్ పట్టుకోవడానికి తగిన గీత లేకపోవడం. చాలా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల ఫోకస్ పిక్సెళ్లు నిలువు గీతల్ని బాగా పడతాయి, అడ్డగీతల దగ్గర తడబడతాయి. అలిపిరి మెట్లని ఎదురుగా నిలబడి తీస్తే ఫ్రేములో ఉండేవన్నీ అడ్డగీతలే. కెమెరాని నిలువుగా తిప్పి చూడండి, టక్కున పట్టేస్తుంది. జూపార్కులో జంతువుకి బదులు ముందున్న కంచె మీద ఫోకస్ పడడం మరో రకం; కెమెరా తన పని సరిగ్గానే చేసింది, మనం చూపించిన చోటు వేరు.

మే నెల మధ్యాహ్నం ఊళ్లోంచి శేషాచలం కొండల్ని 300 మి.మీ. లెన్స్‌తో తీస్తే ఏ ఫొటో బాగోదు. వేడి గాలి, చల్ల గాలి కలిసే చోటల్లా వెలుగు కొద్దికొద్దిగా వంగుతుంది. గాలి వక్రీభవన గుణకంలోని ఇలాంటి హెచ్చుతగ్గుల నుంచి వచ్చే ప్రతిధ్వనులతోనే, తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో ఉన్న 53 మెగాహెర్ట్‌జ్ ఎంఎస్‌టీ (వాతావరణ పొరల్ని గమనించే) రాడార్ పైగాలుల కదలికల్ని కొలుస్తుంది. శాస్త్రవేత్తకి సమాచారమైనది ఫొటోగ్రాఫర్‌కి మసక. తెల్లవారుజామున తీయడం తప్ప దీనికి ఏ సర్దుబాటూ పనిచేయదు.

అసలు పరీక్ష సులువు. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, నాలుగు మీటర్ల దూరంలో గోడకి అంటించిన దినపత్రిక మీద వ్యూఫైండర్‌తో ఫోకస్ చేసి తీయండి. ప్రతిసారీ ముందుగా ఫోకస్ రింగుని పూర్తిగా తప్పించి, మళ్లీ పట్టించాలి. తర్వాత లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ, అలాగే తీయండి. అందులో ఫొటో తీసే సెన్సరే ఫోకస్ చూస్తుంది కాబట్టి దారుల తేడా ఉండదు. లైవ్ వ్యూ ఫొటోలు బాగుండి, వ్యూఫైండర్‌వన్నీ ఒకేలా మసకగా ఉంటే సర్దుబాటు అవసరం. చాలా మధ్యస్థాయి, పైస్థాయి కెమెరా బాడీల మెనూలో ఏఎఫ్ (ఆటోఫోకస్) ఫైన్ ట్యూన్ లాంటి పేరుతో అది ఉంటుంది. జూమ్ లెన్స్ అయితే రెండు చివర్లా విడివిడిగా పరీక్షించాలి. కొన్ని బాడీలు రెండింటికీ వేరు విలువలు తీసుకుంటాయి. ఒకే విలువ తీసుకునే బాడీ అయితే మీరు ఎక్కువగా వాడే చివరకే సరిచేసుకోండి.