బడి ఆటల్లో గెలుపోటములు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ జిల్లాలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, ఏటా మండల స్థాయి స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) పోటీలకు పిల్లలను తీసుకుపోతుంటాను. మా జట్టులో చాలామంది దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకుంటున్నవారు. మ్యాచ్ అయిపోయాక పిల్లల చుట్టూ చేరిన పెద్దలు అనే మాటలను ఇన్నేళ్లుగా వింటున్నాను. అవి ప్రేమతో అన్నవే అయినా, వాటిలో కొన్ని పిల్లలకు మేలు చేయడం లేదు.

అపోహ: ఓడిపోతే వాళ్లంతట వాళ్లే నేర్చుకుంటారు.

వాస్తవం: ఓటమి దానంతట అది ఏమీ నేర్పదు. ఓడిన తర్వాతి పది నిమిషాల్లో పక్కనున్న పెద్దవాళ్లు ఏం మాట్లాడారో, ఎలా చూశారో పిల్లలు దాన్నే పట్టుకుపోతారు. ఈ సంగతి నాకు నా తప్పు వల్లనే తెలిసింది. కొన్నేళ్ల కిందట అండర్-14 కబడ్డీలో మా జట్టు ఒక్క పాయింటు వెనకబడి ఉంది. చివరి రెయిడ్‌కు వెళ్లిన పిల్లవాడు ఎదురుగా ఆరుగురు ఉన్నారని లెక్క చూసుకుని, ఎదుటి కోర్టులోని బోనస్ గీత దాటి కాలు మోపితే వచ్చే అదనపు పాయింటుతో స్కోరు సమం చేద్దామని ఆ గీత అవతలికి కాలు చాపాడు. మూలన ఉన్న కార్నర్ ఆటగాడు మడమ పట్టేశాడు. మ్యాచ్ పోయింది. వాడు గీత మీదే కూర్చుని, మోకాలికి అంటిన ఎర్రమట్టిని గోటితో గీక్కుంటుంటే, జట్టంతా వింటుండగా నేను "బోనస్‌కు ఎవరు పొమ్మన్నర్రా నిన్ను?" అని గద్దించాను.

ఆరుగురు లేదా ఏడుగురు డిఫెండర్లు కోర్టులో ఉన్నప్పుడే బోనస్ దొరుకుతుందని, అప్పుడు వెనకాడకూడదని వాడికి నేర్పింది నేనే. ఆ రోజు వాడి ఆలోచన సరైనదే, కాలు వెనక్కి లాగడం మాత్రం ఒక్క క్షణం ఆలస్యమైంది. వాడు మూడు వారాలు మైదానానికి రాలేదు. వచ్చిన తర్వాత కూడా ఆ ఏడాదంతా బోనస్ గీత దరిదాపులకు పోలేదు. తెగించి ఆడకూడదన్న పాఠం వాడికి నా నోటి నుంచే అందింది. అప్పటి నుంచి ఓడిన రోజు మైదానంలో తప్పొప్పుల చర్చ పెట్టడం మానేశాను. ఎదుటి జట్టుతో చేతులు కలపడం, నీళ్లు తాగడం, అరటిపళ్లు తినడం, అంతవరకే. మర్నాడు ప్రాక్టీసులో అదే రెయిడ్‌ను, అదే ఆరుగురిని నిలబెట్టి, మళ్లీ మళ్లీ చేయిస్తాను.

అపోహ: గెలుపు ఎలా వచ్చినా పిల్లలకు మంచిదే.

వాస్తవం: కబడ్డీ జట్టులో పన్నెండు మంది పేర్లు రాస్తాం, కోర్టులో ఏడుగురే ఆడతారు. మిగిలిన ఐదుగురిని టోర్నమెంటు మొత్తం బయటే కూర్చోబెట్టి కప్పు తెస్తే, ఆ కప్పు వాళ్లకు చెప్పేది ఒకటే: మీరు లేకున్నా పని నడుస్తుందని. ఫొటో దిగేటప్పుడు వాళ్లు చివర నిలబడి, కప్పును ముట్టుకోవాలా వద్దా అని తటపటాయించడం నేను చూశాను. ఎదుటి జట్టు బాగా బలహీనంగా ఉండి నలభై పాయింట్ల తేడాతో గెలిచిన మ్యాచ్‌లోనూ వాళ్లను దించని ఉపాధ్యాయులున్నారు. ఒకప్పుడు నేనూ దించలేదు. అంతకన్నా బాధాకరమైనది వయసు తగ్గించి రాసిన కాగితాలతో పెద్ద పిల్లలను ఆడించడం. అలా గెలిచిన పిల్లవాడికి మోసం జరిగిందని తెలుసు, తనకు నేర్పే సారే దానికి సంతకం పెట్టాడనీ తెలుసు.

అపోహ: పద్నాలుగేళ్లలోపు గెలిచినవాడే అసలైన ఆటగాడు.

వాస్తవం: ఆ వయసులో గెలుపు చాలాసార్లు ముందుగా ఎదిగిన ఒంటిది. పదమూడేళ్ల పిల్లల్లో ఒకడికి నూనూగు మీసాలు వస్తే, ఇంకొకడు వాడి భుజం దాకా కూడా రాడు. ఒకే ఏడాది జనవరిలో పుట్టినవాడు, డిసెంబరులో పుట్టినవాడు ఒకే విభాగంలో తలపడతారు. కెనడా ఐస్ హాకీ ఆటగాళ్లలో ఏడాది మొదటి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా ఉన్నారని పరిశోధకులు 1985లోనే చూపించారు. కాబట్టి ఎనిమిదో తరగతిలో ఓడిన పిల్లవాడికి "నీకు ఆట రాదు" అని చెప్పే హక్కు మనకు లేదు. గెలిచినవాడికి మిగతావాళ్లు ఎదిగి తనను అందుకునే రోజు వస్తుందని ముందే చెప్పాలి, లేకపోతే పదో తరగతికి వచ్చేసరికి వాడు ఆటే మానేస్తాడు.

అపోహ: ఓడి ఏడవడం బలహీనత.

వాస్తవం: ఏడవనివ్వాలి. జిల్లా స్థాయి పోటీలకు నల్లగొండ మేకల అభినవ్ స్టేడియానికి పోయినప్పుడు గమనిస్తే, రన్నర్స్‌గా నిలిచిన జట్టు కళ్లు తుడుచుకుంటుంటే మూడో స్థానం జట్టు గంతులేస్తుంటుంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ విజేతల ముఖాలను పరిశీలించిన మనస్తత్వ శాస్త్రవేత్తలు కూడా రజతం వచ్చినవారికన్నా కాంస్యం వచ్చినవారే ఎక్కువ సంతోషంగా కనిపించారని 1995లో ప్రచురించారు. ఫైనల్లో ఓడిన పిల్లలకు ఆ క్షణంలో చేజారిందే కనిపిస్తుంది. టోక్యోలో పి.వి.సింధు 2021 జులై 31న సెమీఫైనల్ ఓడి, మర్నాడే మళ్లీ కోర్టులోకి దిగి కాంస్యం గెలిచిన సంగతి మా పిల్లలకు చెబుతాను, కానీ కన్నీళ్లు ఆరిన తర్వాతే చెబుతాను.

అపోహ: చిన్నపిల్లలకు స్కోరు లేకుండా, అందరికీ బహుమతి ఇస్తే చాలు.

వాస్తవం: మనం లెక్కపెట్టకపోయినా వాళ్లు లెక్కపెట్టుకుంటారు.

తల్లిదండ్రులకు ఒక మాట. హాస్టల్ పిల్లలు పోటీ అయిపోగానే నా ఫోన్ అడిగి ఇంటికి మాట్లాడతారు. అవతలి నుంచి ఎక్కువగా వచ్చే మొదటి ప్రశ్న "గెలిచిన్రా, ఓడిన్రా?" అని. ఓడిన రోజున ఆ ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో ముగుస్తుంది, పిల్లవాడు ఫోన్ తిరిగి ఇచ్చేస్తాడు. పోయినసారి ఖో-ఖోలో ఓడిన ఒక అమ్మాయి, హైదరాబాదులో కూలి పనికి పోయిన తల్లికి ఫోన్ చేసింది. ఆమె ముందుగా "దెబ్బలేం తగల్లేదు గదా బిడ్డా, ఎట్ల ఆడినవ్?" అని అడిగింది. ఆ అమ్మాయి ఆటో ఎక్కకుండా గేటు పక్కన నిలబడి, తాను ముగ్గురిని ఎట్లా తప్పించుకుందో, చివరికి స్తంభం దగ్గర ఎట్లా దొరికిపోయిందో చేతులు తిప్పుతూ చెబుతూనే ఉంది. మేమందరం ఆటోలో కూర్చుని ఆమె కోసం ఆగాం.