గిటార్ మార్చినంత మాత్రాన ఎఫ్ కార్డ్ రాదు: అపోహలు, వాస్తవాలు

పోయిన నెలలో ఒక శనివారం సాయంత్రం కావలి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. భుజాన గిటార్ బ్యాగు, ఫోన్‌లో మర్నాటి పినాకిని ఎక్స్‌ప్రెస్ టికెట్. "సార్, రేపు మద్రాసు పోతున్నా. 30,000లో ఏ గిటార్ తీసుకోమంటారు?" అన్నాడు. భుజాన ఉన్నది అప్పటికే మూడోది. మొదటిది 4,000, రెండోది 9,000, ఇది 14,000. మూడింటి మీదా ఎఫ్ కార్డ్ పలకలేదు. చూపుడు వేలిని ఆరు తీగల మీదా అడ్డంగా వేసి, కొన్ని స్వరాల్ని కలిపి మోగించే పట్టు అది. నాలుగోదాని మీద పలుకుతుందని అతని నమ్మకం. డబ్బు వాళ్లమ్మ చీటీ పాడి ఇస్తోంది.

నెల్లూరులో పదహారేళ్లుగా గిటార్ నేర్పుతున్నాను, రిపేర్లు చేస్తున్నాను. ఈ ప్రశ్న వారానికి ఒకసారైనా నా ముందుకు వస్తుంది. చర్చిలో వాయించే కుర్రాళ్లు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్లు, పిలకాయల్ని క్లాసులో దించడానికి వచ్చే తల్లులు అందరూ అడిగేది ఒక్కటే. విడివిడిగా చెప్పి చెప్పి అలసిపోయాను. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను.

అపోహ: కార్డ్ పలకడం లేదంటే గిటార్ చవకది కాబట్టే. మంచిది కొంటే వచ్చేస్తుంది.

అందరి డబ్బూ ఎక్కువగా తినేస్తున్నది ఈ ఒక్క మాటే. దీని గురించే కాస్త ఎక్కువ రాస్తాను.

వాస్తవం: నా దగ్గరికి వచ్చే గిటార్లలో ఎక్కువ భాగం సెట్టింగ్ చేయనివి. ఫ్యాక్టరీలో తీగలు ఎక్కించి, పెట్టెలో పెట్టి పంపుతారు. తీగ ఫ్రెట్‌కి (నెక్, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే ఇనుప కడ్డీకి) తగిలి గరగరమంటే కొన్నవాళ్లు తిప్పి పంపుతారు కదా, అందుకని నట్‌ని (మెడ పై చివర తీగలు ఆనే పట్టీ), శాడిల్‌ని (కింద పొట్ట మీద తీగలు ఆనే పట్టీ) కావాలనే కొంచెం ఎత్తుగా వదిలేస్తారు. ఆ ఎత్తుని మన చేతికి తగ్గట్టు దించుకోవాలి. ఆ పని ఎవరూ చేయరు, చేయాలని చెప్పేవాళ్లూ ఉండరు. పిల్లాడు వేళ్లు బొబ్బలెక్కేదాకా నొక్కుతాడు, నొక్కినా పలకదు. ఆరు నెలలకి తన చేతిలోనే లోపం ఉందనుకుంటాడు, లేదంటే గిటార్‌లో ఉందనుకుంటాడు. రెండూ కావు.

ఆ కావలి కుర్రాడి గిటార్‌నే బల్ల మీద పెట్టాను. ఆరో తీగని, అంటే అన్నిటికంటే లావు తీగని, మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ మీద తీగకీ ఇనుముకీ మధ్య సందు చూడమన్నాను. అక్కడ సందు ఉందా లేదా అన్నట్టు ఉండాలి, పల్చటి కాగితం పట్టేంత. అతని జేబులో ఉన్న విజిటింగ్ కార్డు తీసి దూరిస్తే హాయిగా దూరిపోయింది. "ఏంది సార్ ఇది?" అన్నాడు. ఇది ఎత్తైన నట్. ఎఫ్ కార్డ్ పట్టేది మొదటి ఫ్రెట్‌లో, నట్ పక్కనే. నట్ ఎత్తుగా ఉంటే దాని దెబ్బ అన్నిటికంటే ముందు తగిలేది ఎఫ్ మీదే. ఎఫ్‌కి అంత చెడ్డపేరు రావడానికి సగం కారణం ఇదే.

నట్ మీద తీగలు కూర్చునే గాడుల్ని సన్నటి ఆకురాయితో రెండు మూడు రాపిళ్లు రాయాలి. తీగని మళ్లీ అందులో కూర్చోబెట్టి, ట్యూన్ చేసి, సందు చూసి, మళ్లీ రాయాలి. తొందరపడితే కుదరదు. గాడి లోతైపోతే ఖాళీ తీగ మోగించినప్పుడల్లా గరగర వస్తుంది, అప్పుడు నట్ మొత్తం మార్చుకోవాలి. కాబట్టి ఇంట్లో చాకుతోనో బ్లేడుతోనో దయచేసి ప్రయత్నించొద్దు. తర్వాత శాడిల్ బయటికి లాగి, అద్దం పలక మీద ఉప్పుకాగితం పరిచి అడుగుభాగం సమంగా అరగదీశాను. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ 1 మిల్లీమీటరు దిగాలంటే శాడిల్ అడుగున 2 మిల్లీమీటర్లు తీయాలి. ఆరో తీగ ఎత్తు అంతకుముందు 3.5 మిల్లీమీటర్లు ఉంది, 2.5కి తెచ్చాను. పాత 12 గేజ్ (మందం) తీగలు తీసేసి, వాటికంటే సన్నటి 11 గేజ్ వేశాను. మొత్తం గంటలోపు పని. తీగల ఖర్చు, నా కూలీ కలిపి 1,000 రూపాయలు దాటలేదు.

గిటార్ చేతికిచ్చి ఎఫ్ పట్టమన్నాను. పట్టాడు. పై నుంచి కింద దాకా ఒక్కో తీగా విడిగా మీటాడు. ఆరూ పలికాయి. మళ్లీ మీటాడు. "ఇంత సులువుగా ఉండాదే" అని ఊరుకున్నాడు. చాలాసేపు ఇంకేం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ముందు రెండు గిటార్లూ ఇట్టానే బాగయ్యేవా సార్?" అని అడిగాడు. అయ్యేవనే చెప్పాను. అవి సగం ధరకి ఎప్పుడో అమ్మేశాడు.

మీ గిటార్ సంగతి మీరే తేల్చుకోవచ్చు. మొదటి ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్పు) పెట్టండి. రెండో ఫ్రెట్‌లో చూపుడు వేలు అడ్డంగా వేసి అదే ఎఫ్ షేప్ పట్టండి. కేపో పెడితే నట్‌కి పని ఉండదు. ఇక్కడ సులువుగా పలికి, కేపో తీసి మొదటి ఫ్రెట్‌లో పట్టినప్పుడు పలక్కపోతే తప్పు నట్‌ది. రెండుచోట్లా కష్టంగానే ఉంటే శాడిల్ ఎత్తు, ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేసే లోపలి కడ్డీ) చూపించండి, లేదా మీ వేలికి ఇంకొన్ని వారాల సాధన కావాలి. ఈ పరీక్షకి ఖర్చు ఏమీ లేదు. 30,000 పెట్టేముందు రెండు నిమిషాలు ఇది చేయండి, మిమ్మల్ని బతిమాలుకుంటున్నాను.

మన ఊళ్ల వాతావరణం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. గిటార్ చెక్కకి 45 నుంచి 55 శాతం తేమ బాగుంటుంది. నెల్లూరు, కావలి, ఒంగోలు సముద్రం పక్క ఊళ్లు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో తేమ అంతకు చాలా పైన ఉంటుంది. చెక్క ఉబ్బుతుంది, బ్రిడ్జి (శాడిల్ కూర్చునే చెక్క) దగ్గర పొట్ట లేస్తుంది, దాంతో తీగలూ లేస్తాయి. సాలిడ్ టాప్ గిటార్లలో, అంటే పై పలక ప్లైవుడ్ కాకుండా అసలు చెక్క అయినవాటిలో, ఇది ఇంకా ఎక్కువ. మొన్నటిదాకా బాగా వాయించినవాళ్లు కూడా నవంబరులో వచ్చి గిటార్ పాడైపోయింది, కొత్తది కొనాలంటారు. పాడవలేదు, నీళ్లు తాగింది. బ్యాగులో సిలికా జెల్ పొట్లాలు వేసి, జిప్పు మూసి పెట్టండి. రోహిణి కార్తె ఎండలో కారులో వదిలేస్తే మాత్రం జిగురు మెత్తబడి బ్రిడ్జి లేచిపోతుంది, అది నిజంగానే పాడవడం.

అపోహ: కొత్త గిటార్ కొన్నాక నా వాయింపు బాగుపడింది, కాబట్టి గిటార్ వల్లే.

వాస్తవం: బాగుపడిన మాట నిజం, నేనూ చూశాను. కానీ ఆ నెలలో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. కొత్త మోజులో రోజూ రెండు గంటలు వాయించారు. దాని మీద తీగలు కొత్తవి. కొట్టువాడు అమ్మేముందు సెట్టింగ్ చేసి ఉంటే అది కూడా కలిసింది. ఈ మూడూ పాత గిటార్ మీద జరిగినా అదే ఫలితం వచ్చేది. మూడో నెలకి తీగలు తుప్పు పడతాయి, సాధన మళ్లీ పావుగంటకి వస్తుంది, సౌండ్ మందగిస్తుంది. అప్పుడు మళ్లీ వీడియోలు చూడటం మొదలవుతుంది.

ఒకసారి క్లాసులో పిలకాయల్ని గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. ఒకటి యమహా ఎఫ్310, బిగినర్లు కొనే గిటార్. దానికి ఆ ఉదయమే కొత్త ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు వేశాను. రెండోది నా సొంతది, దానికంటే ఎన్నో రెట్లు ఖరీదు. దాని మీద నాలుగు నెలల పాత తీగలు అలాగే ఉంచాను. ఒకే పిక్‌తో ఒకే ముక్క రెండింటి మీదా వాయించి, ఏది ఖరీదైనదో చేతులెత్తమన్నాను. ఎక్కువ చేతులు ఎఫ్310కే లేచాయి. వెనక్కి తిరిగి చూసి నమ్మలేదు, మళ్లీ వాయించమన్నారు. మళ్లీ వాయించాను. ఆ రోజు తర్వాత ఆ బ్యాచిలో గిటార్ మారుద్దామని ఒక్కరూ అడగలేదు. తీగలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు.

తీగల మాట వచ్చింది కాబట్టి: వాయించడం అయ్యాక ప్రతిసారీ పాత పంచె ముక్కతో తీగల్ని పైనా కిందా తుడవండి. చెమట, ఉప్పుగాలి రెండూ ఉన్న ఊళ్లు మనవి. రోజూ వాయించేవాళ్లు రెండు మూడు నెలలకోసారి తీగలు మార్చండి.

అపోహ: ఆ పెడల్ (గిటార్ సౌండ్‌ని మార్చే డబ్బా) కొంటే రికార్డులో విన్న సౌండ్ వస్తుంది.

వాస్తవం: రాదు. రికార్డులో మీరు వినేది ఆంప్ (గిటార్ సౌండ్ పెంచే స్పీకర్ పెట్టె) ముందు పెట్టిన మైకు, ఒకదాని మీద ఒకటి వేసిన రెండు మూడు ట్రాకులు, మిక్సింగ్, అన్నిటికీ మించి ఆ మనిషి చేయి. ఇంట్లో 10 వాట్ల ఆంప్‌కి పెడల్ తగిలిస్తే ఆ 10 వాట్ల ఆంప్ సౌండే వస్తుంది. క్వీన్ బ్యాండ్ బ్రయన్ మే 1963లో నాన్నతో కలిసి ఇంట్లోనే గిటార్ తయారు చేయడం మొదలుపెట్టాడు. దాని నెక్‌కి వాడింది పాత ఇంటి చలిమంట గూడు మీది చెక్క. పిక్ బదులు ఆరు పెన్నీల నాణెం వాడతాడు. దశాబ్దాల తరబడి పెద్ద పెద్ద స్టేడియాల్లో వాయించింది ప్రధానంగా ఆ గిటార్‌తోనే.

పెడల్స్ విషయంలో నేను పడిన బాధ కూడా చెబుతాను. 2012లో ఆర్కెస్ట్రాలో వాయించేవాణ్ణి. చీటీ డబ్బు 18,000 చేతికొచ్చింది. అక్క కాన్పుకి అక్కరకొస్తుందని నాయన దాచమన్నాడు. నేను మల్టీ ఎఫెక్ట్స్ ప్రాసెసర్, అంటే చాలా పెడల్స్ పని ఒక్కటే చేసే డబ్బా, కొన్నాను. మొదటి పెళ్లి ప్రోగ్రాములోనే సౌండ్ ఇంజనీరు అన్న దగ్గరికొచ్చి, "తమ్ముడూ, ఆ డబ్బా తీసేసి డైరెక్టుగా ఇవ్వు, ఏమీ తెలియడం లేదు" అన్నాడు. తీసేశాను. ఆ తర్వాత కూడా రెండేళ్లలో మరో రెండు పెడల్స్ కొన్నాను. ఆ రెండేళ్లలో ఒక్క పాట సోలో కూడా మొదటి నుంచి చివరిదాకా నేర్చుకోలేదు. కాన్పు రోజు నాయన వడ్డీకి తెచ్చాడు. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ డబ్బు గురించి ఇంట్లో ఎప్పుడూ ఎవరూ ఎత్తలేదు, నాకు మాత్రం గుర్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. గిటార్‌కి రీసేల్ బాగుంటుంది అంటారు. ఉండదు, మామూలు గిటార్లు సగం ధరకి పోతే అదృష్టం. సెకండ్ హ్యాండ్ కొనకూడదు అంటారు. నెక్ నిటారుగా ఉండి, ఫ్రెట్లు అరగకుండా ఉంటే నిశ్చింతగా కొనండి. నో కాస్ట్ ఈఎంఐ అంటే ఉచితం అనుకుంటారు. పన్నెండు నెలలు మీ జీతంలోంచి పోయేది డబ్బే. రివ్యూ వీడియోల్లో చెప్పేవన్నీ నిజం అనుకుంటారు. వీడియో కింద ఉన్న లింకు నొక్కి మీరు కొంటే చాలామందికి అందులో కమీషన్ వస్తుంది, ఆ సంగతి తెలుసుకుని చూడండి.

మరి ఎప్పుడు కొనాలి? ఏడెనిమిదేళ్ల పిల్లాడి చేతికి పెద్ద సైజు ఇచ్చి ఉంటే చిన్న సైజు కొనండి. ట్రస్ రాడ్‌తో కూడా సరికానంతగా నెక్ వంగిపోతే కొనండి. వెస్టర్న్ క్లాసికల్ పరీక్షలకి వెళుతుంటే నైలాన్ తీగల గిటార్ కావాలి. లీడ్ వాయించాలంటే ఎలక్ట్రిక్ కావాలి. అంటే ఉన్న గిటార్ మీద ఏ పని చేయలేకపోతున్నారో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "ఇంకా బాగుంటుందని" అనేది ఆ వాక్యం కాదు. నా విద్యార్థులకి నేను పెట్టిన పద్ధతి ఇది: కొనాలనిపించిన వస్తువు పేరు, తేదీ నోటు పుస్తకంలో రాయాలి. అదే రోజు పాత గిటార్‌కి తీగలు మార్చాలి. 30 రోజులయ్యాక కూడా కావాలనిపిస్తే నా దగ్గరికి రావాలి, నేనే వెంట వచ్చి చూసి కొనిపెడతాను. వచ్చేవాళ్లు వస్తారు, వాళ్లకి సంతోషంగా కొనిపెడతాను. ఎక్కువమంది రారు.

తల్లులకి ఒక మాట. మాగుంట లేఔట్ నుంచి ఒకమ్మ ప్రతి నెలా ఫీజు కట్టేటప్పుడు అడుగుతుంది: "అందరికీ పెద్ద గిటార్లు ఉన్నాయి సార్, మావాడిది చవకది. వెనకబడిపోతాడేమో?" అమ్మా, మీవాడి గిటార్‌ని నేను నా చేత్తో సెట్టింగ్ చేశాను. క్లాసులో ట్యూనింగ్ నిలిచే గిటార్లలో అదొకటి. దాని మీద నేను కూడా ప్రోగ్రాము వాయిస్తాను. మీరు టెన్షన్ పడి అప్పు చేయకండి. ఇంట్లో రోజూ అరగంట టీవీ ఆపండి, చాలు.

ఆ కావలి కుర్రాడు పోయిన ఆదివారం మళ్లీ వచ్చాడు, అదే గిటార్‌తో. మద్రాసు వెళ్లలేదట, డబ్బు వాళ్లమ్మకే ఇచ్చేశానన్నాడు. ఎఫ్ శుభ్రంగా పలుకుతోంది. ఎఫ్ నుంచి సీకి మారేటప్పుడు మాత్రం మధ్య వేలు ఆలస్యంగా దిగుతోంది. మెట్రొనోమ్ (సమంగా దెబ్బలు కొట్టే యంత్రం) నిమిషానికి 60 మీద పెట్టి, నాలుగు దెబ్బలకి ఒక మార్పు చొప్పున రోజుకి పది నిమిషాలు చేయమని పంపాను.