స్కాట్ దొర కాకముందు రే స్టీవెన్సన్

2023 మే 21న ఇటలీలోని ఇస్కియా దీవిలో రే స్టీవెన్సన్ కన్నుమూసినప్పుడు మన దగ్గర చాలామంది ‘ఆర్ఆర్ఆర్ విలన్ చనిపోయాడు’ అనే చెప్పుకున్నారు. ఇంకో నాలుగు రోజులకు ఆయనకు యాభై తొమ్మిదేళ్లు నిండేవి. మనకు తెలిసిన ఆ ఒక్క పాత్ర వెనక మూడు దశాబ్దాల నటన ఉంది. అందులో ఎక్కువ భాగం హీరో పక్కనో, హీరోకు ఎదురుగానో నిలబడిన వేషాలే.

పుట్టింది 1964లో, ఉత్తర ఐర్లండ్‌లోని లిస్‌బర్న్‌లో. తండ్రి బ్రిటిష్ వైమానిక దళంలో పైలట్. పెరిగింది ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ ప్రాంతంలో. మొదట లండన్‌లో ఇంటీరియర్ డిజైనర్‌గా పనిచేశారు. అక్కడ ఒక నాటకంలో జాన్ మాల్కొవిచ్ నటన చూశాక మనసు రంగస్థలం వైపు తిరిగింది. బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్లో శిక్షణ పూర్తయ్యేసరికి ముప్పై దగ్గరపడ్డాయి. 2000లో యార్క్ మిన్‌స్టర్ చర్చిలో ఆడిన ‘మిస్టరీ’ నాటకాల్లో, అంటే బైబిల్ కథల నాటకాల్లో, క్రీస్తు వేషం ఆయనదే.

పేరు తెచ్చింది టీవీ. బీబీసీ, హెచ్‌బీఓ కలిసి తీసిన ‘రోమ్’ (2005–07)లో టైటస్ పుల్లో అనే మామూలు సైనికుడు ఆయన. సీజర్, ఆంటోనీ, క్లియోపాత్రా లాంటి మహామహులున్న కథ అది. అయినా చూసినవాళ్లకు గుర్తుండిపోయేది తాగి, కొట్లాడి, స్నేహితుడి కోసం ప్రాణమిచ్చేందుకైనా సిద్ధపడే ఈ పుల్లోనే. స్టీవెన్సన్ చేసినవాటిలో నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా గొప్పది. మోటుతనం, పసితనం ఒకే ముఖంలో అంత సహజంగా చూపించినవాళ్లు అరుదు.

ఆ పేరుతోనే హాలీవుడ్ ఆయన్ని హీరోగా నిలబెట్టి చూసింది. 2008లో ‘పనిషర్: వార్ జోన్’ వచ్చింది. దాదాపు మూడున్నర కోట్ల డాలర్లు పెట్టి తీస్తే ప్రపంచమంతా కలిపి కోటి డాలర్లు వచ్చాయి. 2011లో ‘కిల్ ది ఐరిష్‌మన్’లో మళ్లీ ప్రధాన పాత్ర దొరికింది, బాగానే చేశారు, జనం మాత్రం పెద్దగా చూడలేదు. అదే ఏడాది ‘థోర్’లో వోల్‌స్టాగ్, ‘త్రీ మస్కటీర్స్’లో పోర్థోస్. భారీ మనిషి, గంభీరమైన గొంతు, నలుగురిలో ఒకడు. ఇక దారి అటే సాగింది. టీవీలో మాత్రం ‘డెక్స్‌టర్’లో ఐజాక్ సిర్కో, ‘బ్లాక్ సెయిల్స్’లో బ్లాక్‌బియర్డ్ లాంటి పాత్రలు దక్కాయి.

2019 నవంబరులో ‘ఆర్ఆర్ఆర్’లో స్కాట్ దొర పాత్రకు రాజమౌళి బృందం ఆయన పేరు ప్రకటించింది. తెలుగు తెరకు తెల్లదొర కొత్త కాదు. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’లో రూథర్‌ఫర్డ్ అనే బ్రిటిష్ అధికారిగా నటించింది మన కంచుకంఠం జగ్గయ్యే. ఆ పాత్రకు ఆయనిచ్చిన హుందాతనం ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే అల్లూరి స్ఫూర్తితో మలిచిన రామరాజు కథకు దొరగా నిజంగానే బ్రిటిష్ నటుణ్ణి తెచ్చుకున్నారు.

స్కాట్ పాత్రలో లోతు తక్కువే, రాతలోనే అంత. ఉన్నదంతా క్రూరత్వం. అయినా తూటా సన్నివేశం చూడండి. ఇంగ్లండ్‌లో తయారై, సముద్రాలు దాటి ఇక్కడికొచ్చేసరికి తూటా ఎంత ఖరీదవుతుందో లెక్క చెప్పి, ఒక గిరిజన తల్లి ప్రాణం అంత విలువ చేయదని తేలుస్తాడు. గుమాస్తా పద్దు చదివినట్టుంటుంది ఆ తీరు. సినిమా చివర అదే మాట అతనికి తిరిగి తగిలినప్పుడు హాల్లో ఈలలు పడ్డాయంటే, మొదట్లో స్టీవెన్సన్ దాన్ని అంత బలంగా నాటినందుకే. కష్టమైన స్టంటును 56 ఏళ్ల వయసులో వెనకాడకుండా చేశారని ఆయన పోయినప్పుడు చిత్రబృందం గుర్తుచేసుకుంది. సెట్‌కు ఎంతో ఉత్సాహం తెచ్చేవారని రాజమౌళి రాశారు.

‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిన రెండు నెలలకే ఆయన వెళ్లిపోయారు. అప్పుడు ఇస్కియాలో మరో సినిమా షూటింగ్‌లో ఉన్నారు. స్టార్ వార్స్ సిరీస్ ‘అసోకా’ ఆ ఆగస్టులో విడుదలైంది. మొదటి ఎపిసోడ్‌ను ఆయనకే అంకితమిచ్చారు. అందులో ఆయన వేసిన బేలన్ స్కోల్‌ది ప్రతినాయకుడి పక్షమే. కానీ అలసట, వివేకం, దాచుకున్న బాధ కలిసిన మనిషి. పుల్లో తర్వాత అంత నిండైన పాత్ర మళ్లీ అప్పుడే దొరికింది. ఆ కథ సగంలోనే ఆగింది. రెండో సీజన్‌లో బేలన్‌గా స్కాట్లండ్ నటుడు రోరీ మెక్‌కాన్‌ను తీసుకున్నారు.