చేప గుండె ఎందుకు నెమ్మదిస్తుంది?

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న తెల్లవారుజామున చెరువు గట్టు మీద నిలబడి, "చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి, ఆకలేస్తోందా తాతయ్యా?" అని అడిగారు. ఆకలి కాదు నాన్నా, ఊపిరి చాలడం లేదు. చీకట్లో నాచు కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటుందే కాని తయారు చేయదు. అందుకే సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది. అసలే నీరు పిసినారి. లీటరు గాలిలో ఉన్న ఆక్సిజన్‌లో సుమారు 30వ వంతే లీటరు నీటిలో కరుగుతుంది.

మనకు ఊపిరాడకపోతే గుండె దడదడలాడుతుంది కదా? చాలా చేపల్లో ఇది తలకిందులు. మొప్పలు జోరుగా ఆడతాయి, గుండె మాత్రం నెమ్మదిస్తుంది! మొప్పల్లోని కొన్ని కణాలు ఆక్సిజన్ తగ్గుదలను పసిగట్టి నరాల ద్వారా మెదడుకు కబురు పంపుతాయి. మెదడు తన నుంచి గుండెకు వెళ్లే వేగస్ అనే నాడిని కదిలిస్తుంది. ఆ నాడి కొస నుంచి అసిటైల్‌కోలిన్ అనే రసాయనం చిటికెడు విడుదలై గుండె లయకు పగ్గం వేస్తుంది.

నాడులు గుండెతో రసాయనాల ద్వారా మాట్లాడతాయని తేల్చిన కథ భలేగా ఉంటుంది. ఆస్ట్రియాలో ఓటో లోవీ అనే శాస్త్రవేత్తకు 1920లో కలలో ఒక ప్రయోగం తట్టింది. నిద్రమత్తులో రాసుకున్నాడు, పొద్దున తన రాత తనకే అర్థం కాలేదు! మరుసటి రాత్రి అదే కల. ఈసారి నేరుగా ప్రయోగశాలకు పరుగెత్తాడు. ఒక కప్ప గుండెకు వెళ్లే వేగస్ నాడిని ప్రేరేపించి, దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని మరో కప్ప గుండె మీద పోశాడు. నాడితో సంబంధం లేని ఆ రెండో గుండె కూడా నెమ్మదించింది. 1936లో హెన్రీ డేల్ అనే మరో శాస్త్రవేత్తతో కలిసి నోబెల్ అందుకున్నాడు.

ఇంతకీ నెమ్మదించడం ఎందుకు? చేప గుండె రక్తాన్ని ముందు మొప్పలకు నెడుతుంది, అక్కడ ఆక్సిజన్ నింపుకుని అది ఒళ్లంతా తిరుగుతుంది. చాలా చేపల్లో గుండె కండరానికి మిగిలేది ఒళ్లంతా వాడుకున్న ఎంగిలి రక్తమే. నెమ్మదిగా కొట్టుకుంటే ఆ కాస్త ఆక్సిజన్‌ను పీల్చుకోవడానికి గుండెకు వ్యవధి దొరుకుతుందని శాస్త్రవేత్తలు ఇచ్చే వివరణల్లో ఒకటి. వలలో పడి గింజుకునే చేపలో మరో రసాయనం, అడ్రినలిన్, రక్తంలోకి దూకి గుండెను గట్టిగా కొట్టిస్తుంది. దాని సంగతి ఇంకో ఉత్తరంలో.

వచ్చే సెలవులకు వాచీ తెచ్చుకోండి. తొట్టిలో ఒక చేపను వేసి మొప్పల మూతలు నిమిషానికి ఎన్నిసార్లు ఆడతాయో లెక్కపెడదాం, మీ నాయనమ్మ పులుసుకు అడిగేలోపు.

మీ తాతయ్య